పొగాకు కలిపితే గంజాయి కేసు తేలికవుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మారతహళ్ళిలో ముగ్గురం కలిసి ఫ్లాట్ తీసుకున్నాం, అగ్రిమెంట్ నా పేరు మీద ఉంది. మా రూమ్మేట్ సిగరెట్‌లోని పొగాకు సగం రాల్చి, గంజాయి కలిపి మళ్ళీ నింపి తాగుతాడు. ఒక్కోసారి చరస్ కూడా తెస్తాడు. ‘సగం పైన పొగాకే, పట్టుకున్నా పెట్టీ కేసు, ఫైన్ కట్టి వచ్చేయొచ్చు’ అంటాడు. నేనూ రెండు మూడుసార్లు నాలుగు దమ్ములు లాగాను. పోయిన వారం కింది ఫ్లోర్ కుర్రాళ్ళకు పోలీసులు యూరిన్ టెస్ట్ చేయించారు. వచ్చే ఏడాది నాకు అమెరికా వెళ్ళే అవకాశం ఉంది. అతను చెప్పేది నిజమేనా? నేనేం చేయాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ రూమ్మేట్ రెండు మాటలు చెప్పాడు. మొదటిది పూర్తిగా తప్పు. రెండోది సగం నిజం, ఆ సగమే ఎక్కువ ప్రమాదం.

ముందు పొగాకు సంగతి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల చట్టం) సెక్షన్ 2లో గంజాయి మొక్క సరుకుకు ఇచ్చిన నిర్వచనంలోనే ‘మిశ్రమం’ అన్న మాట ఉంది. చరస్ (గంజాయి మొక్క జిగురు) గానీ, గంజాయి గానీ, మత్తులేని మరో పదార్థంతో కలిపినా కలపకపోయినా చట్టం దృష్టిలో అది మత్తుపదార్థమే. కాబట్టి పొగాకు కలిపిన సిగరెట్ ‘పలచబడిన’ సరుకు కాదు, మొత్తంగా సరుకే. ఇక తూకం. శిక్ష ఎంతన్నది సరుకు బరువును బట్టే. 2008లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, మిశ్రమంలో అసలు మత్తుమందు ఎంతుందో దాన్నే లెక్కలోకి తీసుకోవాలంది. మీ మిత్రుడి ధీమాకు మూలం బహుశా అదే. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసింది. ఇప్పుడు కలిపిన పదార్థం బరువు కూడా కలిపే చూస్తారు.

గంజాయికి చిన్న పరిమాణం 1,000 గ్రాముల వరకు, వాణిజ్య పరిమాణం 20 కిలోలు. అందుకని సిగరెట్లలో నింపుకునేవాడికి పొగాకు బరువు వల్ల సెక్షన్ మారడం అరుదు. చరస్ దగ్గరే మెడకు చుట్టుకుంటుంది. చరస్‌కు చిన్న పరిమాణం కేవలం 100 గ్రాములు, వాణిజ్య పరిమాణం ఒక కిలో. 70 గ్రాముల చరస్ పొడి చేసి 50 గ్రాముల పొగాకులో కలిపి డబ్బాలో పెట్టాడనుకోండి. తూకంలో 120 గ్రాములు. విడిగా ఉంటే ఏడాది గరిష్ఠ శిక్ష పడే కేసు, కలిపినందుకు పదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడే కేసు అవుతుంది. పొగాకు కలిపి నేరాన్ని తగ్గించుకోవడం కాదు, గ్రాములు పెంచుకోవడం. పక్కన విడిగా ఉన్న సిగరెట్ పెట్టె మాత్రం ఈ లెక్కలోకి రాదు.

పొగాకు వాసనలో గంజాయి కలిసిపోతుంది, ల్యాబ్‌లో తేలదు అన్నది ఇంకో అపోహ. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద గంజాయి ఆకు, పూత మీద ఉండే ప్రత్యేకమైన నూగు కనిపిస్తుంది, తర్వాత రసాయన పరీక్ష చేస్తారు. పొగాకు దేన్నీ దాచదు. అయితే శాంపిల్ తీయడంలో తప్పులు జరుగుతుంటాయి, లాయర్ చూడాల్సింది అక్కడ. 2022 నిబంధనల ప్రకారం శాంపిల్ మేజిస్ట్రేట్ ఎదుట తీయాలి, గంజాయికీ చరస్‌కూ 24 గ్రాముల చొప్పున రెండు ప్రతులు. తీసేముందు ప్యాకెట్‌లోని సరుకు బాగా కలపాలి. అంటే ఏ ప్యాకెట్‌కు ఆ ప్యాకెట్. కలిపిన సిగరెట్లనూ, విడి గంజాయినీ, విడి పొగాకునూ ఒకే కవర్లో గుమ్మరించి తూచి పంచనామా రాస్తే, ఆ బరువు దేనిదో ప్రాసిక్యూషన్ చెప్పుకోవాల్సి వస్తుంది. కేసు పడినవాళ్ళు పంచనామా కాపీ అడిగి తీసుకుని, ఏ వస్తువుకు ఎంత బరువు వేశారో ముందు చూసుకోవాలి. ‘అది ఉత్త ఆకే’ అనే వాదన కూడా వింటుంటాం. పూత లేకుండా ఆకు, గింజ మాత్రమే ఉంటే చట్టం నిర్వచించిన ‘గంజాయి’ కాదన్నది నిజమే. సిగరెట్లో నింపేది పూతే కాబట్టి మీ గదిలో ఆ వాదన నిలవదు.

ఇక శిక్షలు. దగ్గర పెట్టుకోవడం, కొనడం, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తేవడం – ఇవన్నీ సెక్షన్ 20. చిన్న పరిమాణమైతే ఏడాది వరకు కఠిన శిక్ష, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. తాగినందుకు సెక్షన్ 27. గంజాయికి ఆరు నెలల వరకు, లేదా పదివేల వరకు, లేదా రెండూ. పొట్లం దొరక్కపోయినా యూరిన్ టెస్ట్ ఆధారంగా 27 కింద కేసు పెడతారు. ఎప్పుడో ఒకసారి తాగినవాళ్ళకు మూడు నాలుగు రోజులు, రోజూ తాగేవాళ్ళకు నెల వరకు కూడా మూత్రంలో అవశేషాలు కనబడతాయి. రోడ్డు మీద, టీ కొట్టు దగ్గర తాగితే పొగాకు చట్టం అదనం. కర్ణాటక సవరణ తర్వాత బహిరంగ ధూమపానానికి జరిమానా 200 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది, సిగరెట్ కొనే వయసు 21కి పెరిగింది. ఆ వెయ్యి రూపాయలు మీ సమస్య కాదనుకోండి.

‘ఫైన్ కట్టి వచ్చేయడం’ దగ్గర ఆగాలి. చిన్న పరిమాణం కేసు స్పెషల్ కోర్టుకు వెళ్ళదు, మేజిస్ట్రేట్ దగ్గరే సంక్షిప్త విచారణలో తేలిపోవచ్చు. అక్కడ చాలామంది పిల్లలు ‘ఒప్పుకుంటే సాయంత్రానికి ఇంటికి’ అన్న మాట విని తలూపుతారు. నేరం ఒప్పుకుని వెయ్యి రూపాయలు కట్టినా అది శిక్షే, రికార్డులో కన్విక్షనే. రెండోసారి దొరికితే సెక్షన్ 31 కింద గరిష్ఠ శిక్ష ఒకటిన్నర రెట్లు. అమెరికా వీసా ఫారంలో అరెస్టు, శిక్ష గురించి ఒక ప్రశ్న, మత్తుపదార్థాల చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా అని వేరుగా ఇంకో ప్రశ్న ఉంటాయి. అక్కడి చట్టంలో మత్తుపదార్థాల నేరానికి శిక్ష పడినా, నేరం చేసినట్టు ఒప్పుకున్నా ప్రవేశానికి అనర్హతే. గంజాయి 30 గ్రాముల లోపు ఉన్న ఒక్క కేసుకు గ్రీన్‌కార్డు దశలో మినహాయింపు అడగొచ్చు గానీ, అది దయ, హక్కు కాదు. అబద్ధం రాసి దొరికితే అదింకా పెద్ద అనర్హత. కాబట్టి కేసు పడితే లాయర్‌తో మాట్లాడకుండా ఏ కాగితం మీదా ‘ఒప్పుకుంటున్నాను’ అని సంతకం పెట్టకండి. వీసా ఫారం నింపే ముందు అమెరికా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను విడిగా అడగండి, ఆ జవాబు ట్రావెల్ ఏజెంట్ చెప్పేది కాదు. కోర్టులో కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టుకూ కోర్టు అనుమతి కావాల్సి వస్తుంది.

మీ మీద అన్నిటికన్నా బరువైనది అగ్రిమెంట్. ఇల్లు చేతిలో ఉన్నవాడు, తెలిసి, అందులో నేరం జరగనిస్తే ఆ నేరానికి ఉన్న శిక్షే సెక్షన్ 25 కింద అతనికీ వర్తిస్తుంది. ‘తెలిసి’ అన్న మాటే మీకు కీలకం, మీ ఉత్తరంలోనే మీకు తెలుసని ఉంది. పైగా సెక్షన్ 35 ప్రకారం తెలియదని నిరూపించుకునే భారం మీ మీదే పడుతుంది. సరుకు హాల్లో టీపాయ్ మీద దొరికితే ముగ్గురిదీ అంటారు. అతని అల్మరాలో తాళం వేసి దొరికితే అతనిది అనే వాదనకు చోటుంటుంది. అందరూ కలిసి డబ్బులు వేసుకుని, ఫోన్‌పేలో ‘బిర్యానీ’ అని రాసి పంపిన అలవాటుంటే అది కొనుగోలుకు సాక్ష్యం, సెక్షన్ 29 కింద కుట్ర అనడానికి ఆధారం. ఆ బిర్యానీ ధర ఎప్పుడూ గుండ్రంగా ఐదువందలే ఉండటం పోలీసులకు కొత్తేమీ కాదు.

కనుక ఈ వారంలోనే చేయండి: ఇంట్లో ఏదీ ఉండకూడదని రూమ్మేట్‌కు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో స్పష్టంగా రాయండి. వినకపోతే అతన్ని పంపడమో, నోటీసిచ్చి అగ్రిమెంట్ వదులుకోవడమో చేయండి, తేదీలున్న కాగితాలు దాచుకోండి. అతని కోసం మీరు సరుకు మోయకండి, దాచకండి. పోలీసులు తలుపు కొడుతుంటే టాయిలెట్‌లో పోసి నీళ్ళు కొట్టడం ఇంకో నేరం, బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 238 కింద సాక్ష్యం మాయం చేయడం.

పోలీసులు వస్తే గట్టిగా అరవక్కర్లేదు, గుర్తుంచుకుంటే చాలు. వారెంటు లేకుండా ఇంట్లోకి వచ్చే అధికారి, తనకొచ్చిన సమాచారం రాసుకుని ఉండాలి. సూర్యాస్తమయం తర్వాత వస్తే ఎందుకు ఆగలేకపోయాడో కారణాలు రాయాలి (సెక్షన్ 42). ఒంటి మీద సోదా అయితే, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ముందు చేయమని అడిగే హక్కు ఉందని ముందే చెప్పాలి (సెక్షన్ 50). బ్యాగుకు ఈ హక్కు లేదు. సోదాను వీడియో తీయాలని కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 105 చెబుతోంది. స్టేషన్లో రాయించిన వాంగ్మూలాన్ని బట్టే శిక్ష వేయడానికి లేదని 2020 అక్టోబరులో తోఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చిన్న పరిమాణానికి బెయిల్ హక్కుగా దొరుకుతుందా లేదా అన్న దగ్గర హైకోర్టుల మాట ఒక్కటిగా లేదు. కానీ గరిష్ఠ శిక్ష ఏడాదే కాబట్టి మామూలుగా అరెస్టు కన్నా ముందు బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. నోటీసు వస్తే తప్పక వెళ్ళండి, వెళ్ళకపోతే అరెస్టుకు మీరే కారణం ఇచ్చినట్టు. లాయర్‌ను పెట్టుకోలేకపోతే 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ అర్హులకు ఉచితంగా ఇస్తుంది.

మీ రూమ్మేట్ మానాలనుకుంటే ఒక్క విషయం చెప్పండి. గంజాయి ఒక్కటే చుడితే ఆరిపోతుంటుంది, పొగాకు కలిపితే నిప్పు నిలుస్తుంది, సరుకు ఎక్కువ రోజులు వస్తుంది, నికోటిన్ తలకెక్కడం అదనపు కిక్కులా ఉంటుంది. అందుకే కలుపుతారు. ‘నేను సిగరెట్లు తాగను’ అనేవాడు కూడా ఈ దారిలో నికోటిన్‌కు బానిసవుతాడు. రెండు గంటలకోసారి చేతులు లాగేది గంజాయి కోసం అనుకుంటాడు, నిజానికి చాలాసార్లు అది నికోటిన్ కోసం. గంజాయి మానేసి సిగరెట్ ఉంచుకున్నవాడికి ప్రతి సిగరెట్టూ పాత అలవాటును గుర్తుచేస్తుంది. డాక్టరుకు రెండూ చెప్పాలి. పైగా గంజాయి పొగను లోపల పట్టి ఉంచే అలవాటు వల్ల పొగాకు తారు కూడా ఊపిరితిత్తుల్లో ఎక్కువసేపు నిలుస్తుంది.

చికిత్సకు చట్టంలోనే వెసులుబాటు ఉంది. సెక్షన్ 27 కింద గానీ, చిన్న పరిమాణం కేసులో గానీ ఇరుక్కున్న వ్యసనపరుడు, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో తనంతట తాను చికిత్స తీసుకుంటే సెక్షన్ 64ఏ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే రక్షణ పోతుంది. బెంగళూరులో నిమ్‌హాన్స్‌లో వ్యసనాల విభాగం ఉంది, అక్కడి ఓపీ చీటీలు, డిశ్చార్జి సమ్మరీ, తర్వాతి విజిట్ల తేదీలు అన్నీ ఫైల్లో పెట్టాలి. ఆసుపత్రికి వెళ్ళేముందు మాట్లాడాలనుకుంటే వ్యసనవిముక్తి హెల్ప్‌లైన్ 14446. మీరు మాత్రం 64ఏ వైపు వెళ్ళకండి: దానికి వ్యసనపరుడినని చెప్పుకోవాలి, మీరు కాదు, పైగా వీసా ఫారంలో వ్యసనం గురించి కూడా విడిగా ఒక ప్రశ్న ఉంది.