ఎం5 మ్యాక్ మినీ వస్తుందట, ఆగాలా? ఎం4 కొనేయాలా? స్టూడియో నడిపేవాడిగా నా మాట

తమ్మీ, నువ్వు అడిగింది ఇదే కదా. దేవరకొండలో చిన్న ఫొటో స్టూడియో ఉంది, పాత ఐ5 సిస్టమ్ 4కె వీడియో వేస్తే ఆగి ఆగి నడుస్తోంది, చేతిలో అరవై వేల దాకా ఉన్నాయి, యాపిల్ చిన్న డబ్బా కంప్యూటర్ మ్యాక్ మినీని ఎం4 చిప్‌తో తీసుకుందామనుకునేసరికి ఎం5ది వస్తోందని యూట్యూబ్‌లో అందరూ ఊదరగొడుతున్నారు, ఇప్పుడు కొంటే రేపు పాతదైపోతుందేమో అని టెన్షన్. నా జవాబు ముందే చెప్పేస్తా. లగ్గాల సీజన్ ముందుంటే ఆగొద్దు, కొనెయ్. సీజన్ అయిపోయి ఆషాఢం దగ్గర పడుతుంటే కొన్నాళ్లు ఆగినా నీకు పోయేదేం లేదు. యాపిల్ ఎప్పుడు ఏం విడుదల చేస్తుందో చూసి కాదు, నీ పుస్తకంలో ఎన్ని లగ్గాలు రాసి ఉన్నాయో చూసి కొనుక్కో.

నాది నల్లగొండలో స్టూడియో. ఎం2 మినీతో మొదలుపెట్టి ఇప్పుడు ఎం4 మీద పని చేస్తున్నా, పాతదాన్ని కౌంటర్ దగ్గర పెట్టి కస్టమర్లు ఆల్బమ్ ఫొటోలు సెలెక్ట్ చేసుకోవడానికి వాడుతున్నాం. కాబట్టి ఇది ఆ వీడియోలు చూసి చెప్తున్న మాట కాదు.

ముందు ఆ పుకారు సంగతి చూద్దాం. ఎం5 చిప్ గాలి కబురేం కాదు, 2025 అక్టోబరులో 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో వచ్చేసింది. అదే చిప్ మినీలో పెడతారు అనేదే ఇప్పుడు అందరూ చెప్పే మాట, అది ఎవరైనా చెప్పగలరు, దానికి లీకులు ఎందుకు? అసలు తేడా ఎంత అనేది యాపిల్ తానే చెప్పింది. సీపీయూ పనిలో ఎం4 కన్నా 15 శాతం దాకా వేగం, మెమరీ బ్యాండ్‌విడ్త్, అంటే మెమరీ నుంచి డేటా పోయే వేగం, సెకనుకు 120 జీబీ నుంచి 153 జీబీకి పెరిగింది, గ్రాఫిక్స్‌లో ప్రతి కోర్‌కూ ఏఐ పనుల కోసం ఒక యాక్సిలరేటర్ కలిపారు. ఈ చివరిది మాత్రం నిజంగా పెద్ద మార్పే. సిస్టమ్‌లోనే ఏఐ మోడళ్లు నడుపుకునేవాళ్లకు, రాత్రి పూట తీసిన ఫొటోలకు ఏఐతో నాయిస్ తీసే పని రోజంతా చేసేవాళ్లకు అది ఉపయోగం. కానీ నీ పనేంటి? బరాత్ వీడియో కట్ చేసి, రంగులు సరిచేసి, పాట వేసి ఎక్స్‌పోర్ట్ కొట్టడం. ఎం4లో 20 నిమిషాలు పట్టేది ఎం5లో 17 నిమిషాలు పడుతుందనుకో, ఆ మూడు నిమిషాల్లో కింద హోటల్‌కు పోయి చాయ్ తాగి కూడా రాలేం. పైగా ఎక్స్‌పోర్ట్‌లో ఎక్కువ భారం మోసేది చిప్‌లో వీడియో పనికే విడిగా ఉండే మీడియా ఇంజిన్, ఆ 15 శాతం అక్కడ అలాగే కనిపిస్తుందని కూడా అనుకోవద్దు. నీ ఐ5 నుంచి ఎం4కి వస్తే కనిపించే తేడా ముందు ఇది లెక్కలోకే రాదు.

ఇంకోటి, ఈ మినీ విషయంలో ఎదురుచూసినవాళ్ల కథ తెలుసుకో. 2005లో వచ్చిన డబ్బా ఇది, అమెరికాలో 499 డాలర్లకు పెట్టారు, అప్పట్లో మ్యాక్‌లలో చవకైనది అదే. 2012లో నాలుగు కోర్ల ఐ7 దొరికేది. 2014లో ఇంకా మంచిది వస్తుందని కళ్లలో వత్తులు వేసుకుని చూస్తే ఏం వచ్చిందో తెలుసా? నాలుగు కోర్లు తీసేసి రెండు కోర్లే ఇచ్చారు, ర్యామ్ బోర్డుకే అతికించేశారు. దాని తర్వాత 2018 దాకా అసలు కొత్తదే లేదు. నాలుగేళ్లు! ప్రతి ఏడాదీ ఈసారి గ్యారంటీ అన్నవాళ్లే అందరూ. ఆ తర్వాత 2020లో ఎం1, 2023 జనవరిలో ఎం2 వచ్చాయి, ఎం3 మినీ వస్తుందని మళ్లీ ఊదరగొట్టారు, అది రానే లేదు, ఎం2 నుంచి నేరుగా ఎం4కి పోయారు. జడ్చర్లలో మా బావ ఆ ఎం3 కోసమే కూర్చున్నాడు. మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది, శ్రావణం లగ్గాలూ అయిపోయాయి, ఆయన మాత్రం పాత సిస్టమ్ మీదే ఎడిటింగ్ చేస్తూ, ఫ్యాన్ మోత వినలేక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆల్బమ్ ఎప్పుడిస్తావని పెళ్లివాళ్లు ఫోన్ చేస్తే బయట ఉన్నా అని అబద్ధం చెప్తూ గడిపాడు. చివరికి ఎం4 వచ్చాక కొన్నాడు, కొన్నాక మంచిదే అయింది అన్నాడు అది వేరే విషయం.

మంచిదే అయింది అనడంలో నిజం లేకపోలేదు, ఎందుకంటే 2024లో ఆగినవాళ్లకు నిజంగా లాభమే కలిగింది. అన్నింటికన్నా చవక మోడల్‌లో 8 జీబీ ఉండే ర్యామ్‌ను 16 చేసి, మన దగ్గర అదే 59,900కి ఇచ్చారు. ఎం2 మినీ 8 జీబీతో నేను పడ్డ బాధ నాకు తెలుసు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రిజాల్వ్ తెరిచి, పక్కన ఫొటోషాప్‌లో ఆల్బమ్ షీట్ తెరిస్తే మెమరీ నిండిపోయి స్క్రీన్ మీద రంగుల చక్రం తిరుగుతూ కూర్చునేది. ఎం4 మీద ఆ గొడవ లేదు. అంటే ఆగితే లాభం ఉండేది ర్యామ్ పెరిగినప్పుడు, చిప్ పేరులో అంకె పెరిగినప్పుడు కాదు. మరి వచ్చేదాంట్లో ర్యామ్ ఇంకా పెంచి అదే ధరకు ఇస్తారా అంటే, ఇప్పుడు మార్కెట్ చూడు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి ఒక్క ర్యామ్ స్టిక్ అడిగితే తెలుస్తుంది. ఏఐ డేటా సెంటర్ల వాళ్లే మెమరీ అంతా ఎత్తుకుపోతున్నారు, మైక్రాన్ కంపెనీ అయితే మనలాంటివాళ్లకు అమ్మే క్రూషియల్ బ్రాండ్‌నే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటప్పుడు ఆగితే తగ్గుతుంది అనే పాత లెక్క నేను నమ్మను.

సరే, కొందామనుకున్నావు. ఇప్పుడు ఆ యూట్యూబ్ వాళ్లు చెప్పనివి వినుకో, స్టూడియోలో మొదటి రోజే తగిలేవి ఇవే.

ఎం4 మినీకి మనం రోజూ వాడే పాత యూఎస్‌బీ సాకెట్ ఒక్కటి కూడా లేదు, ముందు రెండు, వెనక మూడు, అన్నీ టైప్-సి. కెమెరా కార్డు పెట్టే స్లాట్ కూడా లేదు. కస్టమర్ పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చి అన్నా ఫొటోలు ఎక్కించు అంటే ఎక్కడ పెడతావు? కాబట్టి మంచి హబ్ ఒకటి, కార్డ్ రీడర్‌తో సహా, అదే రోజు తీసుకో. ఆ తర్వాత అసలు తలనొప్పి వస్తుంది. పెళ్లికొడుకు వాళ్ల అన్న హార్డ్‌డిస్క్ తెస్తాడు, అది విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసి ఉంటుంది. మ్యాక్‌లో పెడితే తెరుచుకుంటుంది, లోపల ఏముందో కనిపిస్తుంది, కానీ దాంట్లోకి మనం ఏదీ కాపీ చేయలేం. ఆయనేమో డిస్క్ మంచిగనే ఉంది, మీ కంప్యూటరే ఖరాబ్ అంటాడు. మా కౌంటర్ మీద ఇది మామూలే, అందుకే పాత విండోస్ లాప్‌టాప్ ఒకటి కాపీలకే ఉంచాను. కొత్త పెన్‌డ్రైవ్ అయితే విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ కాపీ చేసుకోగలిగే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి ఇస్తా. ఎఫ్‌ఏటీ32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, పెళ్లి వీడియో పూర్తిగా ఒకే ఫైల్ అంటే 4 జీబీ ఎప్పుడో దాటుతుంది.

సాఫ్ట్‌వేర్ ఇంకా ముఖ్యం. నువ్వు ఎడియస్ మీద ఎడిటింగ్ చేస్తుంటే అది విండోస్‌కే ఉంది, మ్యాక్‌లో రాదు, అంటే నువ్వు రిజాల్వ్‌కో ఫైనల్ కట్‌కో మారాలి, చేయి తిరగడానికి టైమ్ పడుతుంది. రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే 4కె దాకా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, మన లగ్గాలకు అది చాలు. ఇంకా శుభలేఖలు, ఫ్లెక్సీలు కూడా చేస్తావా? అయితే పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఈ మ్యాక్ మీద నడుస్తాయని ఆశ పెట్టుకోకు. ఆ పాత విండోస్ సిస్టమ్‌ను అమ్మకు, తెలుగు కంపోజింగ్‌కు అక్కడే ఉంచు. దానికొచ్చే నాలుగు పైసలకన్నా ఆ పనే ఎక్కువ తెస్తుంది.

స్టోరేజీ దగ్గర అందరూ ఆలోచనలో పడతారు. 256 జీబీ చాలదు, నిజమే, కానీ 512 కావాలంటే విడుదలప్పటి ధర 79,900, అంటే ఇరవై వేలు ఎక్కువ. నేను 256దే తీసుకుని 1 టీబీ ఎస్‌ఎస్‌డీ బయట పెట్టుకున్నా. సిస్టమ్, సాఫ్ట్‌వేర్లు లోపల, ఫుటేజీ, రిజాల్వ్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు (క్యాష్) అంతా బయట. ఎస్‌ఎస్‌డీల ధరలు కూడా పెరుగుతున్నాయి, అయినా ఇదే చవక. ర్యామ్ మాత్రం తర్వాత పెంచుకోలేం, 16తో సరిపోతుందా లేదా అనేది కొనే ముందే తేల్చుకో. నాకు సరిపోతోంది. ఇంట్లో కాలేజీలో చదివేవాళ్లో, టీచర్లో ఉంటే ఎడ్యుకేషన్ ధర ఉంది, విడుదలప్పుడు అది 49,900.

మన దగ్గర కరెంటు సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు. ఈ డబ్బాలో నాకు బాగా నచ్చింది అదే. యాపిల్ లెక్క ప్రకారం ఎంత గట్టిగా నడిపినా ఎం4 మినీ తీసుకునేది 65 వాట్లే, ఊరికే ఉంటే నాలుగైదు వాట్లు. మా పాత టవర్ సిస్టమ్‌కు యూపీఎస్ ఉన్నా కరెంటు పోగానే అది కీచుకీచుమంటుండగానే సేవ్ చేసి షట్‌డౌన్ కొట్టేవాళ్లం. ఇప్పుడు అదే యూపీఎస్ మీద మినీ, మానిటర్ రెండూ ఉన్నాయి, ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయినా నడుస్తున్న ఎక్స్‌పోర్ట్ అట్లే నడిచి అయిపోయింది. గాలి కింది వైపు నుంచే తీసుకుని కింది నుంచే వదులుతుంది, కాబట్టి దాన్ని బట్ట మీదో, కాగితాల కట్ట మీదో పెట్టకు, దుమ్ము కూడా అడపాదడపా తుడువు. పవర్ బటన్ కూడా కిందే పెట్టారు, ఏం తెలివో మరి. నేనైతే ఆఫ్ చేయను, స్లీప్‌లో పెట్టేసి షట్టర్ దించుతా.

ఇంకా భయంగా ఉంటే యాపిల్ సొంత ఆన్‌లైన్ స్టోర్‌లో కొను, 14 రోజుల్లోపు వాపస్ ఇవ్వొచ్చు, ఆ లోపల కొత్తది దిగితే ఇది తిరిగి ఇచ్చి అది తీసుకో. బయట షాపుల్లో సీల్ తీశాక వాపస్ అనే మాటే ఎత్తనివ్వరు, ఒక షాపులో అయితే స్టాక్ లేక "కొత్తది పది రోజుల్లో వస్తుంది, అడ్వాన్స్ కట్టి పోండి" అన్నాడు నాతో, యాపిల్ వాళ్లకే తెలియని తేదీ ఆయనకెట్లా తెలిసిందో. అడ్వాన్సులు మాత్రం కట్టకు.

నువ్వు ఏ కెమెరా వాడుతున్నావు, ఎడిటింగ్ దేంట్లో చేస్తున్నావు అనేది రాయలేదు. అది రాస్తే మానిటర్, హబ్ ఏవి తీసుకోవాలో కూడా చెప్తా. ఎడియస్ అయితే మాత్రం డబ్బు కట్టే ముందు మీ పాత సిస్టమ్‌లోనే రిజాల్వ్ వేసుకుని ఒక చిన్న ఫంక్షన్ వీడియో చేసి చూడు, చేయి ఆడుతుందా లేదా తెలుస్తుంది.