నానీ, క్లాసుల కన్నా ముందు కౌన్సెలర్

నానీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. అందులో ముప్పావుగంట "నలుగురికీ ఏం చెప్పుకోవాలక్కా" అనే గోలే. నీ ఫ్రెండ్సంతా యూనివర్సిటీ హాస్టళ్లకు, అదే డార్ములకు, సామాన్లు సర్దుకుంటుంటే నువ్వు ఇంటి పక్కనే ఉన్న డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో చేరుతున్నావట. మీ అన్నయ్య, అదే మా వాడు, కూడా అక్కడే చదివాడని మర్చిపోయినట్టుంది. ఆవిడ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ఇది చదువు.

ముందు డబ్బు. కాలిఫోర్నియా నివాసికి అక్కడ యూనిట్‌కు 31 డాలర్లు. అంటే ఐదు యూనిట్ల కాలిక్యులస్ కోర్సు, వాళ్ల మాటల్లో క్లాసు, 155 డాలర్లు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, అదే యూసీకి, ట్రాన్స్‌ఫర్ అవ్వడానికి కావలసిన 90 యూనిట్లూ (క్వార్టర్ అనే పన్నెండు వారాల టర్ముల లెక్కలో) కలిపితే 2,790. అదే యూసీలో ఒక్క ఏడాది ఫీజే 14 వేలు దాటుతుంది, అద్దె, తిండి వేరే. పైగా మొదటిసారి కాలేజీలో చేరి ఫుల్‌టైమ్ చదివేవాళ్లకు, అంటే క్వార్టర్‌కు 12 యూనిట్లు తీసుకునేవాళ్లకు, డి ఆంజా ప్రామిస్ అనే పథకం కింద రెండేళ్లు ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు. దానికోసం ఫ్యాఫ్సా, అంటే ప్రభుత్వ ఆర్థిక సాయానికి పెట్టుకునే దరఖాస్తు, నింపాలి. "మన జీతాలకు ఎయిడ్ ఎవడిస్తాడు" అని మీ నాన్న దాన్ని పక్కన పడేస్తారు. ఎయిడ్ రాకపోయినా నింపమను.

పుస్తకాల దగ్గర జాగ్రత్త. ఒక్కోసారి క్లాసు ఫీజు కన్నా పుస్తకం ఖరీదే ఎక్కువ. షెడ్యూల్లో పుస్తకాల ఖర్చు లేని సెక్షన్లకు గుర్తు ఉంటుంది, ముందు వాటిని వెతుక్కో. కారు అడగడానికి తొందరపడకు. 23 నంబరు బస్సు కాలేజీ దాకా వస్తుంది.

ఇక అసలు సంగతి. అక్కడ చవగ్గా వచ్చేది క్లాసు మాత్రమే. ఒక్క తప్పు క్లాసు తీసుకుంటే ఏడాది పోతుంది, ఆ ఏడాది ఖరీదు 155 డాలర్లు కాదు. మీ అన్నయ్య చేసిన పని చెప్తాను. డి ఆంజాది క్వార్టర్ పద్ధతి, వాళ్ల కాలిక్యులస్ 1ఏ నుంచి 1డి వరకు నాలుగు క్లాసులు. సెమిస్టర్ కాలేజీల్లో అదే పాఠం మూడు క్లాసుల్లో అయిపోతుంది. వీడు 1బి అయ్యాక, వేసవిలో ఫ్రెండు చెప్పాడని పక్క ఊళ్లో ఒక సెమిస్టర్ కాలేజీలో తర్వాతి క్లాసు తీసుకున్నాడు. సగం చదివిందే మళ్లీ చదివాడు, మిగతా సగానికి వెనక పాఠం లేదు. తిరిగొచ్చాక, ఏ క్లాసు ఎప్పుడు తీసుకోవాలో చెప్పే కాలేజీ కౌన్సెలర్ రెండు సిలబస్‌లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పెన్సిల్‌తో గీతలు గీసి చూపించింది. వాడి మొహం ఇప్పటికీ గుర్తుంది నాకు. ఆ కౌన్సెలర్‌ని జూన్‌లో అడిగుంటే పావుగంటలో తేలిపోయేది.

అందుకని మొదలుపెట్టిన సిరీస్ మొదలుపెట్టిన చోటే పూర్తి చెయ్. ఏ క్లాసు ఏ యూసీలో దేనికి లెక్కకొస్తుందో అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో ఉంటుంది. ఫ్రెండ్స్ మాట, నా మాట కూడా, దాని తర్వాతే.

ట్యాగ్, అంటే ట్రాన్స్‌ఫర్ సీటుకు ముందే ఇచ్చే గ్యారంటీ, గురించి విని ఉంటావు. యూసీ క్యాంపస్‌ల్లో డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింటిలో ఒకదానికి పెట్టుకోవచ్చు. వాళ్లడిగిన గ్రేడ్లూ క్లాసులూ ఉంటే సీటు గ్యారంటీ. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో అందులో లేవు. కంప్యూటర్ సైన్స్‌కు కొన్ని క్యాంపస్‌లు ట్యాగ్ ఇవ్వవు, ఆ పట్టిక ఇప్పుడే చూడు. దరఖాస్తు సెప్టెంబర్ నెలలోనే. నీ రెండో ఏడాది క్లాసులు సరిగ్గా మొదలవకముందే ఆ గడువు వచ్చేస్తుంది. అప్పటికే 45 యూనిట్లు అయ్యుండాలని చాలా క్యాంపస్‌లు అడుగుతాయి. ప్రామిస్‌కు సరిపోయే 12 చొప్పున మూడు క్వార్టర్లు చదివితే వచ్చేది 36. ఈ తేడా చాలామంది ఆగస్టులో గమనిస్తారు. నువ్వు 15 తీసుకో, లేదా వేసవి క్లాసు ఇప్పుడే ప్లాన్‌లో పెట్టు.

క్వార్టర్ అంటే ఫైనల్స్‌తో కలిపి పన్నెండు వారాలు. నాలుగో వారంలోనే మిడ్‌టర్మ్ పడుతుంది. క్లాసు నచ్చకపోతే రెండు వారాల్లోపు డ్రాప్ చెయ్, డబ్బు వెనక్కొస్తుంది, ట్రాన్స్‌క్రిప్ట్ మీద మధ్యలో మానేసినట్టు డబ్ల్యూ గుర్తు పడదు. వెయిట్‌లిస్టులో ఉన్నా మొదటిరోజు వెళ్లి కూర్చో. రానివాళ్ల పేర్లు తీసేసి, వచ్చినవాళ్లకు క్లాసులో చేరడానికి యాడ్ కోడ్ ఇస్తారు.

స్నేహాలా? డార్ములు లేవు, క్లాసవగానే అందరూ కార్లెక్కి వెళ్లిపోతారు. మొదటి క్వార్టరంతా మీ అన్నయ్య పార్కింగ్ లాట్‌లో ఒక్కడే కూర్చుని పులిహోర తిన్నాడు, ఆ సంగతి నాకు రెండేళ్ల తర్వాత చెప్పాడు. ట్యూటరింగ్ సెంటర్లో కూర్చోవడం మొదలుపెట్టాకే వాడికి నలుగురు దొరికారు. అందులో ఒకాయనకు నలభై దాటాయి, ఉద్యోగం పోయి మళ్లీ చదువుకుంటున్నాడు. వాడికి లెక్కలు అర్థమయ్యేలా చెప్పింది ఆయనే.

1984లో స్టీవ్ జాబ్స్ మొదటి మ్యాకింటాష్ చూపించింది ఆ క్యాంపస్‌లోని ఫ్లింట్ సెంటర్లోనే. ఇప్పుడా భవనం లేదు. మీ అమ్మకు నలుగురితో చెప్పుకోవడానికి ఏదైనా కావాలంటే ఇది చెప్పు.

శనివారం మా ఇంటికి రా. వచ్చేలోపు కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తీసుకో, ఆగస్టు దాటితే స్లాట్లు దొరకవు. అన్నయ్య పాత ప్లాన్ షీట్ వెతికి పెడతాను, కొట్టివేతలతో సహా.

పెద్దమ్మ