వరద నీళ్లు చూసిన ఇల్లు అమ్మాలి, రంగులేస్తే చాలా?

ప్రశ్న: విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మా సొంతిల్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నడుం లోతు నీళ్లొచ్చాయి. హాలు గోడకు చెమ్మ ఇంకా పోలేదు. మావారికి హైదరాబాద్ బదిలీ కావడంతో అమ్మేద్దామనుకుంటున్నాం. పుట్టీ పెట్టి రంగులేసి, ఫాల్స్ సీలింగ్ చేయించి, అద్దె సోఫాలు వేస్తే మంచి రేటొస్తుందని బ్రోకరు అంటున్నాడు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. దేనికెంత ఖర్చు పెట్టమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఫాల్స్ సీలింగ్ వద్దమ్మా, సోఫాలూ వద్దు. ఉన్న డబ్బు ఆ గోడకు పెట్టండి.

నీళ్లు పీల్చిన ఇటుకలో తేమ ఆరేకొద్దీ ఉప్పు పైకి తేలుతుంది. దానిమీద పుట్టీ పెడితే బుడగలు లేచి పెచ్చులూడిపోతుంది. నీళ్లు నిలిచిన ఎత్తుకు మరో అడుగు పైదాకా పాత ప్లాస్టరింగ్ కొట్టించేయండి. ఇటుకను బ్రష్షుతో రుద్దించి, ఎండాకాలమంతా తలుపులు, కిటికీలు తీసి ఆరనివ్వండి. ఆ తర్వాతే కొత్త ప్లాస్టరింగు, లేత రంగు.

వరద మాట మాత్రం దాచకండి. సింగ్‌నగర్ అనగానే ఎవరైనా ముందు అడిగేది అదే. మీరు చెప్పకపోతే ఎదురింటివాళ్లు చెబుతారు. పైగా అమ్మేవాళ్లకు తెలిసి, కొనేవాళ్లు మామూలుగా చూస్తే కనిపెట్టలేని పెద్ద లోపాన్ని చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. చట్టం అలా ఉంచండి. ఆ ఇంటికి ఒక కుటుంబం తన జీవితకాలపు సంపాదన పెడుతుంది. రంగు కింద చెమ్మ దాచి వాళ్ల చేతిలో పెట్టమని నేను చెప్పలేను. గోడ కొట్టినప్పుడు, ఆరినప్పుడు ఫొటోలు తీసి ఉంచుకోండి. వచ్చినవాళ్లకు వాటినే చూపించండి.

ఇక ఇల్లు చూపించడం. వచ్చేవాళ్లు మంచం ఎక్కడ పడుతుంది, బీరువా ఎక్కడ పెట్టాలి అని చూసుకుంటారు. అందుకని నేల కనబడాలి. అటక మీద సామాను సగమైనా ముందే హైదరాబాద్ పంపేయండి. ఇల్లంతా ఖాళీ చేయకండి, వట్టి గది చిన్నదిగా కనిపిస్తుంది. స్టవ్ వెనక జిడ్డు వేడినీళ్లలో వాషింగ్ సోడా కలిపి రుద్దితే పోతుంది. ఫ్యాను రెక్కలు తుడవండి, కారే కుళాయికి వాషర్ మార్పించండి, మాడిన బల్బులు తీసేయండి. ఉదయం ఎనిమిది, పది మధ్య రమ్మనండి. మధ్యాహ్నం మన బెజవాడ ఎండకు ఏ ఇల్లయినా కొలిమిలాగే ఉంటుంది.

అత్తయ్యగారి పూజగది జోలికి వెళ్లకండి. దీపం వెలుగుతున్న ఇల్లంటే కొనేవాళ్లకూ ఇష్టమే. హాల్లో దండ వేసిన ఫొటోలుంటే లోపలి గదిలోకి మార్చవచ్చు, కానీ ముందు ఆవిడను అడగండి. ఆ పని ఆవిడ చేతుల మీదుగానే జరగాలి. ఎవరెప్పుడు చూడటానికొస్తున్నారో ముందురోజే చెప్పండి. పెద్దావిడ ఉన్న గదిలోకి కొత్తవాళ్లు చెప్పాపెట్టకుండా వస్తే ఎంత చిన్నతనంగా ఉంటుంది!

లింకు డాక్యుమెంట్లు (ఇల్లు మీ చేతికి రాకముందు నాటి పాత దస్తావేజులు), ఈసీ (ఇంటిమీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), ప్లాను, ఇంటిపన్ను రసీదులు ఒక ఫైల్లో పెట్టండి. రిజిస్ట్రేషన్ కాగితాలు వరదలో తడిసి ఉంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలు ఇప్పుడే తెచ్చుకోండి.

ఆషాఢంలో ఎలాగూ బేరాలు సాగవు, రంగుల పని అప్పుడు పెట్టుకోండి. శ్రావణంలో చూపించడం మొదలుపెట్టండి. వానల్లో వచ్చినవాళ్లు గోడ మీద చెయ్యి వేసి చూస్తారు, వెయ్యనివ్వండి.