పాఠకుల ప్రశ్నలు: వరద నవలలో 'నేను' ఎవరు?

ప్రశ్న: 1986 గోదావరి వరద మీద నవల రాస్తున్నాను. కోనసీమ లంకలో ఉండే పదేళ్ళ పిల్ల 'నేను' అంటూ చెబుతుంది. చదివినవాళ్ళు "పిల్లకి ఇన్ని సంగతులెలా తెలిశాయి?" అంటున్నారు. ప్రథమ పురుషలోకి, అంటే 'ఆమె' అని చెప్పే పద్ధతిలోకి మార్చెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: తొందరపడకండి. మీ 'నేను'లో ఇద్దరున్నారు: వరదలో చిక్కుకున్న పిల్ల, ఏళ్ళు గడిచాక అది చెబుతున్న పెద్దావిడ. ఇద్దరూ ఒకే వాక్యంలో దూరడంతోనే చిక్కంతా. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక అన్నది పెద్దావిడ లెక్క. పిల్లకు తెలిసేది అరుగు మెట్లెక్కిన నీళ్ళు, పలుపులు విప్పేసిన గొడ్లు, అటకెక్కుతున్న బియ్యం బస్తాలు.

ఒక అధ్యాయం తీసుకుని, పిల్ల చూడనివాటికీ విననివాటికీ ఎర్రగీత పెట్టండి. నాలుగైదు వాక్యాలే అయితే "తర్వాతెప్పుడో తెలిసింది" అని పెద్దావిడ చేత అనిపించొచ్చు. తండ్రి అప్పు కోసం రాజమండ్రిలో తిరగడం లాంటి సన్నివేశాలే మొత్తంగా గీతల్లో పడితే అప్పుడు మార్చండి. తలుపు చాటున వినడమనే ఉపాయం ఒకసారి చెల్లుతుంది, రెండోసారి పాఠకుడు పట్టేస్తాడు. పెద్దావిడ ఉంటే ఇంకో ఖర్చుంది: పిల్ల బతికిందని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. ఉత్కంఠని తమ్ముడి మీదికో, ఊరి మీదికో మళ్ళించుకోవాలి.

మార్చేటట్లయితే 'నేను' తీసి 'ఆమె' పెడితే సరిపోదు. 'వెళ్ళాను' అంటే ఎవరో క్రియే చెబుతుంది. 'వెళ్ళింది' అంటే పిల్లా, తల్లా, ఆవా, పడవా? నాలుగింటికీ అదే రూపం. కర్త ఎక్కడ లోపించిందో వాక్యం వాక్యం చూసుకోవాలి. "నాన్నగారు వచ్చారు" అంటే చూస్తున్నది పిల్ల. అదే తండ్రిని "సూర్రావు వచ్చాడు" అంటే చూస్తున్నది కథకుడు. రెండూ ఒకే పేరాలో పడితే దృష్టికోణం జారినట్టే. మన నవలల్లో ఇది తరచూ కనిపించే లోపం, సంపాదకులు కూడా వదిలేస్తుంటారు.

ప్రశ్న: సంభాషణల్లోనే కాక కథనంలోనూ మా యాస వాడొచ్చా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: 'నేను' చెబుతుంటే నిక్షేపంగా. కానీ "నీళ్ళొచ్చేసినియ్యండి" అన్నారంటే ఎదురుగా ఎవరో వింటున్నారన్నమాట. ఆ వినేది ఎవరో మీరు ముందే తేల్చుకోవాలి. ప్రథమ పురుషలో పాత్ర మనసులోకి వెళ్ళినచోట యాస, బయటికొచ్చినచోట మామూలు భాష. వాక్యానికో 'ఆయ్' తగిలిస్తే సినిమా హాస్యమవుతుంది. 'ఎల్లాడు' అని రాస్తారో 'వెళ్ళాడు' అని రాస్తారో పాత్రవారీగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఇరవయ్యో అధ్యాయంలో అవసరపడుతుంది.