ముందు పాటల లెక్క తీయి

అమ్మాయీ,

ఆశీస్సులు. డీఅడిక్షన్ సెంటర్‌లో సంగీతం సెషన్లు నీకు అప్పజెప్పారని విన్నాను, సంతోషం. "టెన్షన్ తగ్గడానికి ఏ రాగం మంచిది?" అని అడిగావు. ఆ ప్రశ్న కాస్త పక్కన పెట్టు. ఈ జబ్బుకు ఈ రాగం అని పట్టికలు రాసిచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, తాగుడు మానుతున్న మనిషి దగ్గర అవి నిలబడవు. ఆ పాట అతను ఎక్కడ విన్నాడు, పక్కన ఎవరున్నారు, అప్పుడు చేతిలో ఏముంది అన్నదాన్ని బట్టే అది అతనికి ఎలా తగులుతుందో తేలుతుంది.

అందుకే మొదటి పని పాటల లెక్క. ఒక్కొక్కరితో విడిగా ఇరవై నిమిషాలు కూర్చో. కాగితం మీద మూడు గళ్ళు గియ్యి: తాగుడు అంటుకున్న పాటలు, తాగుడు మొదలుకాక ముందునాటివి, ఏ జ్ఞాపకమూ అంటనివి. మొదటి గడిలోకి సిట్టింగుల్లో పెట్టుకున్నవి, బెల్టు షాపు దగ్గర మోగినవి, బరాత్ డీజే పాటలు వస్తాయని నువ్వే ఊహిస్తావు. ఊహించనివి కూడా వస్తాయి. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండి, మాల తీసిన రాత్రే మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు ఉంటారు. వాళ్ళలో ఒకరికి ఆ భజన ధైర్యం, ఇంకొకరికి ఓడిపోయిన రాత్రి. దేవుడి పాటే కదా అని అడక్కుండా పెట్టకు. మొదటి గడిలోని పాట గ్రూపులో ఏ ఒక్కరికి ఉన్నా ఆ రోజుకు దాన్ని తీసెయ్యి.

తాగుడు ఆపిన మొదటి నాలుగు రోజులు నీవి కావు, డాక్టర్‌వి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మనిషి అయోమయంలో పడటం, లేని పురుగులు కనపడటం, ఒళ్ళు కాలిపోవటం జరగొచ్చు. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. అలాంటివి కనిపిస్తే తంబురా ఆపి నర్సును పిలువు. డాక్టర్ సరే అన్నాకే గ్రూపులోకి తీసుకో.

గ్రూపులో ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది. మొత్తం నలభై ఐదు నిమిషాలు. కూర్చోగానే రెండు అంకెలు అడుగు, సున్నా నుంచి పది వరకు: టెన్షన్ ఎంత, క్రేవింగ్ (తాగాలన్న తహతహ) ఎంత. రెండూ కలిపి అడగొద్దు. టెన్షన్ దిగినా క్రేవింగ్ అక్కడే ఉండే రోజులుంటాయి. ఆ తేడా నీకు కాగితం మీద కనపడాలి.

ఇక కొత్తవాళ్ళందరూ చేసే తప్పు. కాలు ఊపుతూ, పళ్ళు కొరుకుతూ కూర్చున్న మనిషికి జోలపాటలాంటిది పెడతారు. అతనికి చిరాకు పెరుగుతుంది, లేచి పోతాడు. అతను ఎక్కడున్నాడో సంగీతం అక్కడికే వెళ్ళి, అక్కణ్ణుంచి మెల్లగా దింపుకురావాలి. దీన్ని ఐసో సూత్రం అంటారు, ఆల్ట్‌షూలర్ అనే వైద్యుడు 1940లలో చెప్పింది. నిమిషానికి 110 దెబ్బల పాటతో మొదలుపెట్టి, తర్వాత 95, 80, చివరికి 65. దెబ్బలు లెక్కపెట్టడం కష్టమేమీ కాదు, గడియారం చూస్తూ పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించు. వేగంతోపాటు సౌండ్ కూడా ఒక్కో గీత తగ్గించాలి. అది మర్చిపోతే దిగీ దిగనట్టు ఉంటుంది.

దిగాక శ్వాస. తంబురా శ్రుతి పెట్టి, సెకనుకో దెబ్బ చొప్పున నాలుగు దెబ్బలు పీల్చడం, ఆరు దెబ్బలు మూసిన నోటితో "మ్" అంటూ వదలడం. నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. మొదటి రోజు మూడు నిమిషాలు చాలు. కళ్ళు మూసుకోమని బలవంతం చేయకు. కళ్ళు మూస్తే పాత భయాలు మీదికొచ్చేవాళ్ళుంటారు, వాళ్ళను నేల మీద ఒక గీతను చూడమను. తల తిరిగితే మామూలు శ్వాసకు వచ్చేయమను.

వాయిద్యాల సంగతి. కొత్తగా మానినవాళ్ళకు చేతులు వణుకుతాయి. కీబోర్డు, వేణువు ఇచ్చి వాళ్ళను నలుగురిలో చిన్నబుచ్చకు. తొడ మీద ఆదితాళం, లేదా కోలాటం కర్రలు ఇవ్వు. ఎనిమిది దెబ్బలు ఎవరికైనా అందుతాయి. డప్పు వద్దని కాదు గానీ, ఊళ్ళో డప్పు మోగిన చాలా చోట్ల సీసా కూడా ఉంటుంది, లెక్క చూసి తీసుకో. జోరు మీదున్నప్పుడు మాత్రం సెషన్ ఆపకు. ఆ ఊపుతో వార్డుకు వెళ్తే నిద్రపట్టదు, రాత్రి పదకొండింటికి క్రేవింగ్ లేస్తుంది. వైరు, విడి తీగ ఏదీ గదిలో వదలకు. సెషన్ అయ్యాక లెక్కపెట్టి తెచ్చుకో.

ఇంట్లోవాళ్ళు "పాటలతో మానేస్తాడా అమ్మా?" అని అడుగుతారు. ఉన్నది చెప్పు. వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ అనే సంస్థ 2022లో ఈ సంగీత చికిత్స మీద జరిగిన పరీక్షలను కలిపి చూసింది. మామూలు చికిత్సకు సంగీతం తోడైతే క్రేవింగ్ తగ్గింది, చికిత్స తీసుకుని మారాలన్న పట్టు పెరిగింది. ఒక్క సెషన్‌తో ఆపినచోట కంటే ఒకటి నుంచి మూడు నెలలు సాగినచోట క్రేవింగ్ మరింత తగ్గింది. ఆందోళన, డిప్రెషన్ తగ్గుతాయనడానికి స్పష్టమైన రుజువు దొరకలేదు. కాబట్టి డాక్టర్ రాసిన మాత్రలు ఆపొద్దని నీ నోటితో చెప్పు.

డిశ్చార్జికి ముందు ఫోన్లో ఐదు పాటలు పెట్టించు, ఇరవై ఐదు నిమిషాలకు సరిపడా, అదే దిగే వరసలో. పాటలు ఫోన్‌లోకే ఎక్కించాలి, ఆటోప్లే ఆపించాలి. లేకపోతే మూడో పాట తర్వాత ఆ యాప్ తనంతట తనే సిట్టింగు పాట వేస్తుంది. సాయంత్రం పాత వేళ కాకముందే మొదలుపెట్టమను, వీలైతే ఇయర్‌ఫోన్ లేకుండా, ఇంట్లో మనుషుల మధ్య. ఆ వేళకు కడుపు ఖాళీగా ఉంటే ఏ పాటా పనిచేయదు, ముందు అన్నం తినమను. ఐదూ అయ్యాక కూడా క్రేవింగ్ అంకె దిగకపోతే పాటలు తిప్పుతూ కూర్చోకుండా ఫోన్ చేయాలి. మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416. ఆ రెండూ పాటల చీటీ వెనకే రాసివ్వు.

ఆ లెక్క కాగితాలు మాత్రం బీరువాలో పెట్టి తాళం వెయ్యి. పేరుకు పాటలే గానీ, భార్యకు కూడా చెప్పని సంగతులు వాటి పక్కనే రాసి ఉంటాయి.