పెరుగన్నంలో పొడి సంగతి తర్వాత, ముందు మీ అబ్బాయి

మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక ఇల్లాలు రాశారు: "మా ఆయనకు 42 ఏళ్లు. కరెంటు వైరింగ్ పని. రోజుకు రెండు క్వార్టర్లు తాగుతాడు, అందులో ఒకటి పొద్దున లేవంగనే పడాలె. సాయంత్రం కల్లు కూడా. చేతులు వణుకుతున్నయని మా అత్తనే పింఛను పైసలిస్తది. పోయిన నెల గదిలో పెట్టి తాళమేస్తే రెండో రోజు ఫిట్స్ వచ్చినయ్. గాలి సోకిందని తాయెత్తు కట్టించినం. రాత్రి రాకపోతే టెన్త్ చదివే మా పిల్లగాడే బెల్టుషాపు కాడ నుంచి బండి మీద తెస్తడు. తెల్లారితే తాగేందుకు సీసా కూడా వాని చేతికే ఇస్తరు. నాకు మొగడైనా కొడుకైనా వాడే. తెలియకుండా అన్నంలో కలిపితే మందు మాన్పించే పొడి ఉందని ఫోన్‌ల చూసిన. పెరుగన్నంల కలపొచ్చా? ఎన్ని రోజులకు మానతడు?"

అమ్మా, కలపొద్దు. ఆ పొడిలో ఏముందో అమ్మేవాడు చెప్పడు. మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, ఆ సంగతి తెలియక ఆయన మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే ప్రాణం మీదికే వస్తుంది. అదే బిళ్లను డాక్టర్లు కూడా ఇస్తారు. కాకపోతే మనిషికి చెప్పి, ఒప్పించి, లివర్ పరీక్షలు చేసి, చివరి చుక్క తాగి కనీసం 12 గంటలు గడిచాకే. బిళ్ల ఆపిన రెండు వారాల దాకా దాని ప్రభావం పోదు. అదలా ఉంచండి, మీరు కలిపారని ఒక్కసారి తెలిస్తే రేపు అసలు డాక్టరిచ్చిన బిళ్లను కూడా ఆయన మీ చేతి మీదుగా మింగడు.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది పొడి కాదు, మీ ఆయనా కాదు. "నాకు మొగడైనా కొడుకైనా వాడే" అన్న మాట. ప్రేమతోనే రాశారు, తెలుసు. కానీ పదిహేనేళ్ల పిల్లవాడి మీద ఎంత బరువు పెట్టారో చూడండి. రాత్రి పది దాటితే వాడి చెవి వీధి వైపే ఉంటుంది. పుస్తకం తెరిచి ఉంటుంది, పేజీ తిరగదు. తండ్రి కాళ్లు ఈడ్చుకుంటూ వాడి భుజం మీద వాలితే ఆ వాసన వాడి చొక్కాకు అంటుతుంది. ఆ చొక్కాతోనే పడుకుని పొద్దున బడికి వెళతాడు. ఈ పని వాడికి ఎవరూ అప్పగించలేదు. మీరు వద్దనలేదు, అంతే. ఇంట్లో మొగవాడి స్థానం ఖాళీ అయిందని కొడుకును కూర్చోబెట్టడం తల్లి చేయకూడని పని. మెచ్చుకుంటూ చేసినా అది తప్పే. లైసెన్సు వయసు రాని పిల్లవాడు తాగిన మనిషిని వెనకాల కూర్చోబెట్టుకుని చీకట్లో బండి నడుపుతున్నాడన్న సంగతి ఒకటి, వాడి చేత సీసా మోయించడం ఇంకొకటి. పిల్లల చేత మద్యం మోయించడం 2015 బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడే నేరం. బెల్టుషాపువాడికి ఈ మాట గట్టిగా చెప్పండి. ఒక్కరే వెళ్లొద్దు. మీ సంఘం ఆడవాళ్లను తీసుకెళ్లండి, ఎక్సైజ్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి.

మరి రాత్రి ఎవరు వెళ్లాలి అంటారు. మీ మరిదో, పక్కింటి పెద్దమనిషో వెళ్లాలి. ఇంటికి తెచ్చాక వెల్లకిలా పడుకోబెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెడితే వాంతి గొంతులోకి పోదు. గిచ్చినా పలకకపోయినా, ఒళ్లు చల్లబడినా, శ్వాస నిమిషానికి ఎనిమిదికి తగ్గినా 108కి ఫోన్ చేయండి.

అత్తగారి మీద మీకున్న కోపం నాకు అర్థమైంది. కానీ ఆవిడ కళ్లు సరిగానే చూశాయి. వణుకు తగ్గాలంటే చుక్క పడాలని ఆవిడకు తెలుసు, ఆసుపత్రిలో దానికి మందుందని తెలియదు, అంతే. గదిలో తాళం వేసినప్పుడు జరిగిందీ అదే. ఏళ్ల తరబడి మత్తుకు అలవాటైన మెదడుకు ఒక్కసారిగా తాగుడు ఆగితే అదుపు తప్పుతుంది. ఆరేడు గంటలకు వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకు, నాలుగో రోజుకు మధ్య కొందరికి జ్వరం, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించడం, ఇంట్లో మనిషిని గుర్తుపట్టకపోవడం. ఈ దశలో వైద్యం అందకపోతే ప్రాణాలు పోతాయి. గాలి లేదు, ధూళి లేదు. ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి ఇంట్లో మాన్పించే ప్రయత్నం మళ్లీ చేయొద్దు. డాక్టరు చూసేదాకా ఒక్కసారిగా ఆపనివ్వొద్దు.

జిల్లా కేంద్రంలో ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆవిడ మాటే ఆయన వింటాడు. ఓపీలో "కొంచెం తాగుతడు" అనొద్దు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో అచ్చమైన ఆల్కహాల్ 60 గ్రాములు. రోజుకు 120 గ్రాములు అని తెలిస్తేనే డాక్టరు మందు మోతాదు లెక్క కట్టగలరు. ఫిట్స్ వచ్చిన సంగతి ముందే చెప్పండి, చేర్చుకోమని అడగండి. కల్లు సంగతి దాచొద్దు. మన వైపు కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు ఒక్కసారిగా ఆగినా ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు పాలమూరు, నిజామాబాద్ జిల్లాల్లో జనం పిచ్చిపట్టినట్టయి ఆసుపత్రులకు పరుగెత్తింది అందుకే.

ఆసుపత్రిలో చేర్చుకున్నాక క్లోర్డయాజిపాక్సైడ్ లాంటి మందిచ్చి, వారం పది రోజుల్లో దాని మోతాదు మెల్లగా తగ్గిస్తారు. లివర్ చెడితే లోరాజిపామ్ వాడతారు. బి1 విటమిన్, అంటే థయామిన్, సూది ద్వారా ఇస్తారు. ఇక్కడే మన ఊళ్లలో పెద్ద పొరపాటు జరుగుతుంది. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ డాక్టరు ముందే గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు. తాగేవాళ్ల ఒంట్లో థయామిన్ అసలే తక్కువ, గ్లూకోజ్ ఉన్న కాస్తనూ వాడేస్తుంది. చూపు కదిలిపోవడం, నడక తూలడం, మాట తికమక కావడం మొదలై జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ముందు థయామిన్, తర్వాతే గ్లూకోజ్. ఈ మాట మీరు కాగితం మీద రాసుకెళ్లినా నామోషీ కాదు.

ఆ పది రోజులతో ఒళ్లు మాత్రమే తేరుకుంటుంది. తాగాలనే యావ తగ్గడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి బిళ్లలున్నాయి, నెలల తరబడి వాడాలి. మొదటి మూడు నెలల్లో మళ్లీ తాగితే అంతా అయిపోయిందనుకోవద్దు, ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ప్రైవేటు సెంటర్లో పడేయాలనుకుంటే, రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ రిజిస్ట్రేషన్ అడగండి. ఆరు నెలలు కలవనివ్వం అన్నారంటే గడప దిగి వచ్చేయండి. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మద్యంతో వచ్చే జబ్బులు కూడా ఉన్నాయి. ఆయన ఒప్పుకోకపోయినా చేర్చాల్సి వస్తే, ఒక మానసిక వైద్యుడితో సహా ఇద్దరు విడివిడిగా చూడాలి, అదీ 30 రోజుల వరకే. గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది.

ఇక దుకాణాల సంగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు. మరుసటి ఏడు సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ నిషేధం, 1997కల్లా అది పోయింది. దుకాణాలు తగ్గితే, వేళలు కుదిస్తే, ధర పెరిగితే కొత్తగా తాగడం మొదలుపెట్టేవాళ్లు తగ్గుతారు. అది ప్రభుత్వం చేసి తీరాల్సిన పని. కానీ ఏళ్లుగా తాగుతున్న మనిషికి దుకాణం మూసిన రోజే ఆసుపత్రి తలుపు తెరుచుకోవాలి. మీ ఊళ్లో మందు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది, మానసిక వైద్యుడి కోసం బస్సెక్కాలి. గ్రామసభలో ఈ రెండో మాట కూడా అడగండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, ఏ వేళలోనైనా ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. మొదటి ఫోన్ మీ ఆయన గురించి చేయండి, రెండోది పిల్లవాడి చేత మాట్లాడించండి.

ఈ రాత్రే వాడితో చెప్పండి, "నాన్నను తెచ్చుడు ఇంక నీ పని గాదు బిడ్డా" అని. వెంటనే నమ్మడు. పదిన్నరకు అలవాటుగా బండి తాళం కోసం చెయ్యి చాస్తాడు. తాళం మీ కొంగున కట్టుకోండి.