హెచ్4 మీద ఉన్నాను, మాస్టర్ గార్డెనర్ కోర్సు చేస్తే కెరీర్‌కి పనికొస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. ఎమ్మెస్సీ బోటనీ చేసి నాలుగేళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. పెళ్లయ్యాక అమెరికా వచ్చేశాను, ఆరేళ్లుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మావారి వీసా మీద ఆధారపడిన హెచ్4 వీసా నాది, ఉద్యోగం చేయడానికి అనుమతి కార్డు, అదే ఈఏడీ, ఇంకా రాలేదు. పెరట్లో గోంగూర, దోస, బీర, చిక్కుడు పండిస్తాను. వారాంతాల్లో చుట్టుపక్కల పిల్లల చేత మొక్కలు నాటిస్తుంటాను. ఇక్కడ మాస్టర్ గార్డెనర్ అని వాలంటీర్లకు ఒక కోర్సు ఉందనీ, పాసయ్యాక కూడా ఏటా కొన్ని గంటలు కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ చేయాలనీ ఒకావిడ చెప్పారు. జీతం లేని పనికి ఇంత చదువెందుకని మావారు అంటున్నారు. దీంతో కెరీర్ ఏమైనా ఉంటుందా? రేపు ఇండియా వెళ్లిపోతే పనికొస్తుందా? ఇంకో చిన్న ప్రశ్న కూడా. మా కరివేపాకు మొక్క ఆకులు పసుపెక్కుతున్నాయి, ఏం చేయమంటారు?

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. మాస్టర్ గార్డెనర్ అనేది ఉద్యోగ సర్టిఫికెట్ కాదమ్మా. ఆ బ్యాడ్జి చూపించి ఎవరింట్లోనో డబ్బులు తీసుకుని తోట వేయడానికి లేదు, విజిటింగ్ కార్డు మీద అచ్చేయించుకుని నర్సరీ నడపడానికీ లేదు. వాలంటీర్ పనిలో ఉన్నప్పుడు మాత్రమే ఆ పేరు వాడుకోవాలని రూల్. కాబట్టి మీవారు అడిగింది న్యాయమే. అయినా నేను మిమ్మల్ని చేరమనే అంటాను, ఎందుకంటే మీ పరిస్థితిలో, అంటే చదువు ఉండి, పాఠం చెప్పిన అనుభవం ఉండి, పని చేయడానికి పర్మిషన్ లేని ఈ మధ్య కాలంలో, ఇక్కడి వ్యవసాయ విద్యా వ్యవస్థ లోపలికి అడుగు పెట్టడానికి ఇంత తక్కువ ఖర్చులో దొరికే దారి నాకింకోటి కనపడటం లేదు.

అసలీ కోర్సు ఎందుకు పుట్టిందో తెలిస్తే దాన్నుంచి ఏం ఆశించాలో కూడా అర్థమవుతుంది. అమెరికాలో 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో యూనివర్సిటీల చదువును రైతుల దగ్గరికి చేర్చే ఎక్స్‌టెన్షన్ వ్యవస్థ దేశమంతా స్థిరపడింది, మన దగ్గర కృషి విజ్ఞాన కేంద్రాలు చేసే పని లాంటిదే అనుకోండి. 1970ల మొదట్లో వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్, టకోమా చుట్టుపక్కల, నగరవాసులు తమ పెరటి మొక్కల గురించి అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పలేక అక్కడి ఉద్యోగులకు ఊపిరాడలేదట. సరే, మనమే జనానికి శిక్షణ ఇద్దాం, దానికి బదులుగా వాళ్లు మన తరఫున జవాబులు చెప్తారు అని 1973లో మొదటి బ్యాచ్ మొదలుపెట్టారు. బేరం ఇప్పటికీ అదే: యూనివర్సిటీ మీకు చదువు చెబుతుంది, మీరు ఆ చదువును ఊరికి పంచుతారు.

టెక్సస్‌లో దీన్ని నడిపేది టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్. మొదటి ఏడాది కనీసం 50 గంటల శిక్షణ, 50 గంటల వాలంటీర్ పని. ఆ తర్వాత ఏటా కనీసం 12 గంటల పని, 6 గంటల చదువు చేస్తేనే సర్టిఫికేషన్ కొనసాగుతుంది. ఇవి రాష్ట్రం పెట్టిన కనీస లెక్కలు, కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, తమ ఇష్టం కొద్దీ పెంచుకోవచ్చు. కాలిఫోర్నియాలో చూస్తే ఏటా 25 గంటల పని, 12 గంటల చదువు అడుగుతారు, కాబట్టి అక్కడున్న మీ చెల్లెలో స్నేహితురాలో చెప్పిన లెక్క మీకు వర్తించదు. పైగా ఫ్రిస్కో ఊరు కాలిన్, డెంటన్ అని రెండు కౌంటీల్లో ఉంది, మీ ఇల్లు ఎటువైపు పడుతుందో చూసుకుని ఆ కౌంటీ వాళ్లకే ముందు ఫోన్ చేయండి. క్లాసులు చాలా చోట్ల పగటిపూటే ఉంటాయి, పిల్లల స్కూలు టైముతో కుదురుతుందో లేదో కూడా అప్పుడే అడగండి. ఫీజు కౌంటీని బట్టి మారుతుంది కానీ కాలేజీ ఫీజుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు, పిల్లలతో పనిచేసే చోట అది మామూలే, కంగారు పడకండి.

వీసా సంగతి. హెచ్4 మీద చదువుకోవచ్చు, అందులో అనుమానం లేదు. నిజంగా ఎవరూ జీతం తీసుకోని వాలంటీర్ పని కూడా చేయొచ్చు. జాగ్రత్త పడాల్సింది ఎక్కడంటే, మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని మీతో ఉచితంగా చేయించుకుని దానికి వాలంటీర్ అని పేరు పెట్టే చోట. క్లాసు చెప్పినందుకు గిఫ్ట్ కార్డు ఇస్తామన్నా, పెట్రోల్ ఖర్చులిస్తామన్నా ముందు లాయర్‌ను ఒక్క మాట అడగండి. 2015 నుంచి హెచ్4 వాళ్లకు ఈఏడీ ఇస్తున్నారు, సాధారణంగా గ్రీన్‌కార్డు కోసం మీవారి కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉంటే మీకు అర్హత వస్తుంది. అది ఎంతవరకు వచ్చిందో ఈ వారమే ఆయన్ను కూర్చోబెట్టి కనుక్కోండి. అది తేలకపోతే నేను కింద చెప్పే ఉద్యోగాలన్నీ గాలిలో దీపాలే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఏటా చేయాల్సిన ఆ 6 గంటల చదువు ఉంది చూశారూ, ఎక్కువమంది దాన్ని కరెంటు బిల్లు కట్టినట్టు చేస్తారు. డిసెంబర్ దాకా ఊరుకుని, ఆఖర్లో దొరికిన వెబినార్లు వరసబెట్టి చూసేసి, ఒకటి గులాబీల మీద, ఒకటి తేనెటీగల మీద, ఒకటి లాన్ మీద, గంటలు నింపి హమ్మయ్య అనుకుంటారు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ ఇలా ఐదేళ్లు చేసింది, ఫైలు ఇంత లావు. మీకు బాగా తెలిసిన విషయం ఏదమ్మా అంటే చెప్పలేకపోయింది. మీరు ఆ పని చేయొద్దు. మొదటి ఏడాది అన్నీ వినండి, రెండో ఏడాది నుంచి ఒకే దారి పట్టండి.

మీ విషయంలో ఆ దారి ఏదో మీ ఉత్తరంలోనే ఉంది, పిల్లలు. టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్లదే జూనియర్ మాస్టర్ గార్డెనర్ అని పిల్లల కార్యక్రమం ఒకటి ఉంది, అందులో బడితోట, పాఠం, తిండి అలవాట్లు మూడింటినీ కలిపి తయారుచేసిన లర్న్, గ్రో, ఈట్ అండ్ గో అనే పాఠ్యప్రణాళిక కూడా ఉంది. సర్టిఫికేషన్ అయ్యాక మాస్టర్ గార్డెనర్లకు స్పెషలిస్ట్ శిక్షణలని విడిగా పెడతారు, పురుగుల మీద, అంట్లు కట్టడం మీద, కంపోస్టు మీద, వాన నీటి మీద, ఇలా. వాటిలో పిల్లలకు పనికొచ్చేవి ఏరుకోండి. డల్లాస్ ఆర్బొరేటమ్‌లో 2013లో తెరిచిన పిల్లల తోట ఉంది, టీచర్లకు అక్కడ శిక్షణ కార్యక్రమాలు నడుపుతారు. ఒకసారి టికెట్ కొనుక్కుని వెళ్లి, పిల్లల్ని వదిలేసి, అక్కడ పాఠం చెప్పేవాళ్లు ఎలా చెబుతున్నారో చూడండి. మన జూనియర్ కాలేజీ పద్ధతి, బోర్డు మీద బొమ్మ గీసి భాగాలు గుర్తించమనడం, ఇక్కడ మూడో తరగతి పిల్లల దగ్గర పనిచేయదు, ఇది మీరు కొత్తగా నేర్చుకోవాల్సిన విద్యే, బోటనీ కాదు. అడవి మొక్కలు, పక్షుల మీద ఆసక్తి ఉంటే టెక్సస్ మాస్టర్ నేచురలిస్ట్ అని ఇంకోటి ఉంది, మొదట్లో 40 గంటల శిక్షణ, 40 గంటల సేవ, ఆ తర్వాత ఏటా 8 గంటల అడ్వాన్స్‌డ్ శిక్షణ అడుగుతారు. రెండూ ఒకేసారి మొదలెట్టకండి, ఇల్లు తలకిందులవుతుంది.

ఇంకో సంగతి, గంటల లెక్క దగ్గర చాలామంది మోసపోతారు. గుడి ఆవరణలో మీరు మొక్కలు నాటితే అది సేవే, కానీ కౌంటీ కోఆర్డినేటర్ ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్ట్ అయితేనే గంటల్లోకి వస్తుంది. చదువు గంటలూ అంతే, యూనివర్సిటీ, బొటానికల్ గార్డెన్ లాంటి నమ్మకమైన చోట విన్నదే సాధారణంగా లెక్క, యూట్యూబ్‌లో ఎవరో అరటి తొక్కల నీళ్లు పోయమంటే విన్నామని రాసుకోవడం కుదరదు.

మీకు గోంగూర బాగా తెలుసు, సంతోషం. కానీ జనం ప్రశ్నలకు మాస్టర్ గార్డెనర్లు జవాబులు చెప్పే హెల్ప్ డెస్క్‌లో కూర్చుంటే గోంగూర గురించి అడిగేవాళ్లు ఏడాదికి ఇద్దరు. మిగతావాళ్లు సెయింట్ అగస్టీన్ అనే గడ్డి లాన్ గురించి, టమాటా ఎందుకు కాయడం లేదో, క్రేప్ మిర్టిల్ అనే పూల చెట్టు బెరడు ఎందుకు నల్లగా మారిందో అడుగుతారు. ఆ నల్లదనానికి కారణమయ్యే బెరడు స్కేల్ పురుగు ఈ దేశంలో మొట్టమొదట కనపడింది 2004లో, మీకు అరగంట దూరంలో ఉన్న రిచర్డ్‌సన్‌లోనే. మీ కాళ్ల కింద ఉన్నది నల్లరేగడే, గుంటూరు అమ్మాయికి దాని గురించి చెప్పక్కర్లేదు, కానీ ఇక్కడ మార్చి మధ్య దాకా మంచు భయం, మళ్లీ నవంబర్ మధ్యకల్లా మొదలు. ఈ రెండు తేదీల మధ్యలో బతకడం నేర్చుకున్నవాళ్లే ఇక్కడ తోట గురించి పాఠం చెప్పగలరు.

అలాగని మన పంటల్ని మూల పడేయమని కాదు. అవి మీకున్న బలం. ఒక్క కరివేపాకు తీసుకోండి. నిమ్మ కుటుంబానిదేనని మీకు తెలుసు. నిమ్మ, నారింజ చెట్లకు వచ్చే సిట్రస్ గ్రీనింగ్ జబ్బును మోసుకొచ్చే సిల్లిడ్ పురుగు దాని మీద కూడా బతుకుతుంది, ఆ జబ్బు టెక్సస్ దక్షిణాన రియో గ్రాండ్ వ్యాలీలో 2012లో బయటపడింది. పచ్చి కరివేపాకును ఇండియా నుంచి సూట్‌కేసులో తేనివ్వకపోవడానికి కారణం ఇదే, కస్టమ్స్‌వాడికి మన పోపు మీద కోపం ఉండి కాదు. విత్తనాలకూ పత్రాలు కావాలి. ఈ సంగతి మన సంఘాల్లో తెలుగులో, అమ్మలకు, అత్తలకు అర్థమయ్యేలా చెప్పగలిగిన మాస్టర్ గార్డెనర్లు ఎంతమంది ఉంటారు? కోఆర్డినేటర్ దగ్గరికి వెళ్లి, ఈ టాపిక్ మీద మా తెలుగువాళ్లకు రెండు క్లాసులు చెప్తాను అని అడిగి చూడండి. తమ మాట చేరని జనం దగ్గరికి తీసుకెళ్లే మనిషి దొరికితే ఎక్స్‌టెన్షన్ వాళ్లు సంతోషిస్తారు. ఆ రెండు క్లాసులూ రేపు మీ రెజ్యూమేలో, ఆ కోఆర్డినేటర్ రాసే సిఫారసు ఉత్తరంలో కనపడతాయి. నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో మీకు దక్కే అసలు ఆస్తి ఆ ఉత్తరమే, బ్యాడ్జి కాదు.

ఈఏడీ వచ్చాక ఎటు వెళ్లొచ్చు? మీ డిగ్రీలను ఇక్కడి లెక్కలోకి మార్చే ఎవాల్యుయేషన్ ముందు చేయించుకోండి, అది ఇప్పుడే చేయించి పెట్టుకున్నా నష్టం లేదు. బడుల్లో టీచర్ కావాలంటే టెక్సస్‌లో డిగ్రీతో పాటు టీచర్ ప్రిపరేషన్ ప్రోగ్రామ్, టెక్సెస్ అనే రాష్ట్ర టీచర్ పరీక్షలు ఉంటాయి, ఆరు నుంచి పన్నెండు తరగతులకు వ్యవసాయం, ఆహారం, ప్రకృతి వనరులు అనే సబ్జెక్టుకు విడిగా సర్టిఫికెట్ ఉంది, లేదా మామూలు సైన్స్ టీచర్‌గా వెళ్లి బడితోట మీ చేతిలోకి తీసుకోవచ్చు. నాకైతే రెండోదే మీకు తేలికని అనిపిస్తోంది. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఏజెంట్ ఉద్యోగాలకు పోటీ ఉంటుంది, హార్టికల్చర్ చదివినవాళ్లకు మొగ్గు. ఆ చదువు కావాలనుకుంటే ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ హార్టికల్చర్ డిగ్రీ ఆన్‌లైన్‌లోనే ఇస్తుంది, కానీ ఎమ్మెస్సీ చేసిన మీరు మళ్లీ బీఎస్సీ చేయడం దండగ, మాస్టర్స్ వైపే చూడండి. పెద్దవాళ్లు, రోగులతో మొక్కల పని చేయించే హార్టికల్చరల్ థెరపీ అని ఇంకో దారి ఉంది, రిజిస్టర్డ్ థెరపిస్ట్ కావడానికి డిగ్రీ, కొన్ని కోర్సులతో పాటు 480 గంటల ఇంటర్న్‌షిప్ అడుగుతారు. మనసుకు నచ్చితేనే వెళ్లండి, ఉద్యోగాలు తక్కువ.

ఇండియా సంగతి కూడా దాచకుండా చెప్తాను. ప్రభుత్వ ఉద్యాన అధికారి పోస్టులకు హార్టికల్చర్ డిగ్రీనే కావాలి, బోటనీ ఎమ్మెస్సీకి అమెరికా బ్యాడ్జి తగిలించినా ఆ తలుపు తెరుచుకోదు. అయితే 2019లో కేంద్రం బడుల్లో పోషకాహార తోటల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ పనికి తోట తెలిసినవాళ్లు, పాఠం చెప్పగలిగినవాళ్లు కావాలి. ప్రైవేటు బడుల్లో సైన్స్ టీచర్‌గా చేరి ఆ బాధ్యత అడిగి తీసుకోవచ్చు. అక్కడికి వెళ్లాక కాగితం కావాలంటే ఇగ్నోలో సేంద్రియ వ్యవసాయం మీద ఆరు నెలల సర్టిఫికెట్ ఉంది, ఇంటర్ పాసైతే చాలు. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నడిపే స్వయం పోర్టల్‌లో కోర్సులు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. వ్యవసాయ పరిశోధన జరిగే లాం ఫారం మీ గుంటూరు పక్కనే ఉంది, పండ్లు, కూరగాయల విషయానికైతే వెంకట్రామన్నగూడెం హార్టికల్చర్ యూనివర్సిటీ. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఓ పూట ఈ రెండింట్లో ఒకచోటికి వెళ్లి మాట్లాడి రండి, పెళ్లిళ్లు, షాపింగ్ ఎలాగూ ఉంటాయి.

ఇక మీ కరివేపాకు. కెరీర్ గురించి చెప్పేవాణ్ని, ఆకులు చూసి జబ్బు చెప్పలేను. అది మీ కౌంటీ మాస్టర్ గార్డెనర్ హెల్ప్ డెస్క్‌కి ఫోన్ చేసి అడగండి. కుండీనా నేలా, ముదురాకులా లేతాకులా, ఈనెలు పచ్చగా ఉన్నాయా, నీళ్లు ఎన్ని రోజులకోసారి, చలికాలం ఎక్కడ పెట్టారు, ఇలా పది ఎదురు ప్రశ్నలు వేస్తారు. జవాబుతో పాటు ఆ ప్రశ్నల్నీ కాగితం మీద రాసుకోండి. ఫోన్ పెట్టేసే ముందు, వచ్చే బ్యాచ్‌కి దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో అడగడం మర్చిపోకండి.